గ్రూప్ ఫోటో కింద కడిగిపోయిన పేర్లు చదవడం ఎలా?

మాది చెన్నై, సైదాపేట. నాన్నగారు చదివిన మగపిల్లల హైస్కూల్లో 1976 ఎస్ఎస్ఎల్‌సీ బ్యాచ్ (ప్లస్ టూ రాకముందు, పదకొండో తరగతితో స్కూలు అయిపోయే రోజులు) వీడ్కోలు గ్రూప్ ఫోటో ఒకటుంది. 2015 డిసెంబరు వరదలో తడిసింది. ముఖాలు బాగానే ఉన్నాయి, కానీ కింద అట్ట మీద వరసల వారీగా ఫౌంటెన్ పెన్నుతో రాసిన పేర్లు కడిగిపోయాయి, లేత నీలి మరక తప్ప ఏమీ లేదు. నాన్నగారికి వెనక వరసలో చాలామంది ఇంటిపేర్లు గుర్తు రావట్లేదు, పైగా ఇక్కడి పద్ధతిలో అందరికీ ఇనీషియల్సే కదా, ఒక్క అక్షరంతో మనిషిని ఎక్కడని వెతుకుతాం! స్కూల్లో అడిగితే పాత రిజిస్టర్లు లేవన్నారు. 1200 డీపీఐలో స్కాన్ చేసి, కాంట్రాస్ట్ పెంచి, రెడ్ చానెల్ (స్కాన్‌లోని ఎరుపు రంగు భాగం) ఒక్కటే విడిగా పెట్టి చూశాను, రెండు మూడు అక్షరాల నీడలు తప్ప ఏం తేలలేదు. దొంగనోట్లు పట్టడానికి వాడే 395 నానోమీటర్ల యూవీ (అతినీలలోహిత కాంతి) టార్చ్ వేస్తే అట్టంతా ఊదారంగులో మెరిసిందంతే. స్టూడియో వాళ్లు పైన మళ్లీ రాసిస్తామన్నారు, అది నాకొద్దు.

365 నానోమీటర్ల టార్చ్‌తో ఇలా నీళ్లకు పోయిన సిరా రాత మీలో ఎవరికైనా చదవగలిగేంతగా కనబడిందా?