న్యూక్లియేషన్‌ని ‘పలుకు పుట్టడం’ అంటే చాలదా?

ప్రశ్న: ద్రావణంలోంచి స్ఫటికం ఏర్పడే తొలి ఘట్టాన్ని, అంటే న్యూక్లియేషన్‌ని, పిల్లల పుస్తకంలో ‘కేంద్రకీకరణం’ అని రాస్తే పిల్లలు పరమాణు కేంద్రకం అనుకుంటున్నారు. ‘బీజం’ అనొచ్చా?

జవాబు: బీజం వద్దండీ. పెద్ద స్ఫటికం పెంచడానికి మనం బయటినుంచి వేసే చిన్న ముక్కకి ఆ మాట సరిపోతుంది. న్యూక్లియేషన్‌లో వేసేవాళ్ళెవరూ ఉండక్కర్లేదు, దానంతటదే పుడుతుంది. ఉప్పు పలుకు, పటిక పలుకు అని ఇళ్ళలో అంటూనే ఉన్నాం కదా. నా ఓటు ‘పలుకు పుట్టడం’కే.

అయితే ఆ పుట్టుక తేలిక కాదని కూడా పిల్లలకి చెప్పాలి. 25 డిగ్రీల దగ్గర 100 గ్రాముల నీళ్ళలో ఉప్పు 36 గ్రాముల దాకా కరుగుతుంది. నీళ్ళు ఆవిరై ఆ హద్దు దాటినా వెంటనే పలుకు రాకపోవచ్చు. అయాన్లు కొన్ని గుంపుకడతాయి, మళ్ళీ విడిపోతాయి. అయాన్లు వరసగా సర్దుకుంటే శక్తి కలిసొస్తుంది, కానీ గుంపుకి పైతలం ఏర్పడాలంటే శక్తి ఖర్చవుతుంది. చిన్న గుంపులో దాదాపు అంతా పైతలమే, కాబట్టి ఖర్చుదే పైచేయి. ఒక పరిమాణం దాటాక లెక్క తిరగబడుతుంది, ఇక పెరగడమే. ఆ క్రిటికల్ సైజ్‌ని నేనైతే ‘గండం’ అంటాను. పసిబిడ్డల విషయంలో అంటామే, గండం గట్టెక్కిందని, అలా.

దుమ్ము, దారం, గాజుమీది గీత ఆ ఖర్చుని తగ్గిస్తాయి. వేడినీళ్ళలో పటిక బాగా కరిగించి, దారం వేలాడదీసి చల్లారనివ్వండి. తొలి పలుకులు నడిమి నీళ్ళలో కన్నా దారం నూగుమీద, గ్లాసు గోడమీద కనిపిస్తాయి. భూతద్దం పెడితే త్రికోణపు ముఖాలు మెరుస్తుంటాయి.

ఇంకో జవాబు: మాట బాగుంది. కానీ పుట్టడం, పెరగడం వేరువేరని పుస్తకంలో తప్పకుండా రాయండి. మెక్సికోలోని నైకా గనిలో 2000లో బయటపడ్డ గుహలో 11 మీటర్లు దాటిన జిప్సం స్ఫటికాలున్నాయి. అక్కడి నీళ్ళు చాలాకాలం 58 డిగ్రీలకి కాస్త దిగువన నిలకడగా ఉన్నాయి. నీళ్ళలో కరిగిన జిప్సం, కరగగలిగే హద్దుని దాటీదాటనట్టు ఉండటంతో కొత్త పలుకులు పుట్టడమే అరుదైంది, పుట్టిన కొన్నీ లక్షల ఏళ్ళు పెరిగాయి. ఉప్పు మళ్ళలో ఎండకి నీళ్ళు త్వరగా ఆవిరవుతాయి, పలుకులు లెక్కలేనన్ని పుడతాయి, అందుకే అంత చిన్నవి.

మొదటి జవాబు ఇచ్చినవారు: ఒప్పుకుంటానండీ. ‘పలుకుపుట్టుక’, ‘పలుకుపెరుగుదల’ అని రెండూ ఉంచుదాం. ‘పలుకుపుట్టుక రేటు’ అని కూడా ఇబ్బంది లేకుండా రాసుకోవచ్చు.