జాతర్ పొడి చేదెక్కింది, ఎక్కడ తప్పు చేశాను?

అందరికీ నమస్కారం. మేం అమెరికాలోని డియర్‌బోర్న్ వచ్చి రెండు నెలలైంది. పక్కింటి లెబనాన్ ఆంటీ ఆదివారం పొద్దున్నే వేడివేడి మనూషే రొట్టెలు పంపారు. పైన పుల్లపుల్లగా ఏదో పచ్చటి పొడి. మా బాబు వదల్లేదు. అది జాతర్ అని తెలుసుకుని, ఆ పేరుతోనే అమ్మే ఎండాకు, సుమాక్ (పుల్లటి ఎర్ర పండ్ల పొడి), నువ్వులు తెచ్చి, అన్నీ వేయించి మిక్సీ పట్టాను. నల్లగా, చేదుగా వచ్చింది. కాస్త చెప్పరూ?

---

అమ్మాయ్, మనం కరివేపాకు పొడి చేసినట్టు చేశావు. పదేళ్ల కిందట నేనూ అదే చేశాను. జాతర్‌లో మూకుడు ఎక్కాల్సింది నువ్వులు ఒక్కటే. ఆకు ముందే ఎండి ఉంటుంది, వేడి తగిలితే దాని వాసనంతా పోతుంది. సుమాక్ వేయిస్తే ఎరుపు, పులుపు రెండూ పాడవుతాయి.

నాలుగు చెంచాల ఎండాకు అరచేతుల మధ్య నలిపి పుల్లలు ఏరెయ్. రెండు చెంచాల సుమాక్, దోరగా వేయించి పూర్తిగా చల్లారనిచ్చిన నువ్వులు రెండు చెంచాలు కలుపు. ఉప్పు చివర్లో, రుచి చూశాకే, ఎందుకంటే సుమాక్‌లో చాలాసార్లు ముందే ఉప్పు కలిపి అమ్ముతారు. మిక్సీ జోలికి పోవద్దు. నువ్వులు గింజలుగానే పంటికి తగలాలి, నూరితే నూనె దిగి ముద్దవుతుంది.

జాతర్ అనేది ఆ ఆకు మొక్క పేరు, ఈ పొడి పేరు కూడా. అందుకని కొట్లో అడిగితే ఏదో ఒకటి చేతిలో పెడతారు. వారెన్ అవెన్యూ వైపు అరబ్ కొట్లలో విడి ఆకు చూసి తీసుకో. మంచి ఆకు నలిపితే వాము పొట్లం విప్పినట్టు ఘాటుగా ఉంటుంది. అది దొరక్కపోతే థైమ్‌లో కాస్త ఒరెగానో కలిపితే దగ్గరగా వస్తుంది. కలిపిన పొడి కొంటే మాత్రం పొట్లం వెనక చదువు. గోధుమ, సిట్రిక్ యాసిడ్ ఉంటే అక్కడే పెట్టెయ్. పులుపు సుమాక్‌దే అయి ఉండాలి.

రొట్టెకి ఇడ్లీ పొడిలో నూనె వేసుకున్నట్టే, ఇంకాస్త జారుగా, ఆలివ్ నూనెతో కలుపు. కొన్న పిజ్జా పిండి చాలు. చేత్తో పలచగా ఒత్తి, వేళ్లతో గుంటలు పెట్టి (లేకపోతే నూనె పక్కలకి కారిపోతుంది), పొడి రాసి, 450 డిగ్రీల ఫారెన్‌హీట్‌లో ఏడెనిమిది నిమిషాలు. పైన టమాటా, కీరా, పుదీనా వేసి మడుచుకుని తింటారు. లెబనాన్‌లో ఇదే పొద్దుటి టిఫిను. 2023లో యునెస్కో మనూషేని తన వారసత్వ జాబితాలో చేర్చింది. పరీక్షల రోజు పిల్లలకి జాతర్ పెడితే చదివింది గుర్తుంటుందని అక్కడి అమ్మల నమ్మకం.

---

అక్క చెప్పింది అక్షరాలా నిజం. ఒక్క జాగ్రత్త చెల్లెమ్మా: సుమాక్‌ది మామిడి, జీడిమామిడి కుటుంబమే. బాబుకి జీడిపప్పు గానీ నువ్వులు గానీ పడకపోతే డాక్టర్‌ని అడక్కుండా పెట్టకండి.

---

పడతాయి అన్నయ్యా, రెండూ తింటాడు. అక్కా, ఈసారి పచ్చగా వచ్చింది! ఎన్నాళ్లు నిలవుంటుంది?

---

సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టు, రెండు మూడు నెలలు బాగుంటుంది. బయటుంటే నువ్వులు ముక్కిపోతాయి. ఆంటీ పళ్లెం ఖాళీగా ఇవ్వకు, పులిహోర పెట్టి ఇవ్వు. ఆకు ఎక్కడిదో ఆవిడనే అడుగు. మనం కారం తెప్పించుకున్నట్టు వాళ్లలో చాలామంది జాతర్‌ని సొంతూరి నుంచే తెప్పించుకుంటారు.