సీగర్ వెళ్లిపోయాక వచ్చిన వీవర్స్ రికార్డుల్లో ఏది ముందు వినాలి?

అందరికీ నమస్కారం. రెండు నెలలుగా నాకు వీవర్స్ పిచ్చి పట్టుకుంది. 1948లో న్యూయార్క్ గ్రీనిచ్ విలేజ్‌లో పీట్ సీగర్, లీ హేస్, రానీ గిల్బర్ట్, ఫ్రెడ్ హెల్లర్‌మన్ కలిసి మొదలుపెట్టిన జానపద బృందం. 1950లో డెక్కా అనే రికార్డుల కంపెనీ వాళ్లు వేసిన 'గుడ్‌నైట్ ఐరీన్' 13 వారాలు అమెరికాలో మొదటి స్థానంలో నిలిచిందట. ఆ పాటకు వాద్యబృందాన్ని నడిపిన గోర్డన్ జెంకిన్స్ వయొలిన్లు మాత్రం నాకు బెల్లం ఎక్కువైన పాయసంలా ఉన్నాయి, అభిమానులు తిట్టకండి!

కమ్యూనిస్టులన్న ముద్రతో రేడియో, టీవీ తలుపులు మూసుకుపోయి 1952లో ఆగిపోయారు. 1955 క్రిస్మస్ ముందురోజు రాత్రి కార్నెగీ హాల్లో మళ్లీ పాడారు. ఆ కచేరీ రికార్డు రోజూ వింటున్నా. నాలుగు గొంతులు, గిటారు, సీగర్ వాయించే బాంజో అనే తీగవాద్యం, అంతే.

సిగరెట్ ప్రకటనకు పాడటం నచ్చక సీగర్ బయటికొచ్చాక ఎరిక్ డార్లింగ్, ఫ్రాంక్ హామిల్టన్, బెర్నీ క్రాస్ ఒకరి తర్వాత ఒకరు ఆ చోటికి వచ్చారు కదా. 1964లో బృందం విడిపోయేదాకా వచ్చిన ఆ రికార్డుల్లో దేనితో మొదలుపెట్టమంటారు? బాంజో వినగానే అది సీగర్‌దో డార్లింగ్‌దో పోల్చుకునే కిటుకు ఏదైనా ఉంటే అదీ చెప్పండి. నాకైతే రెండూ ఒకేలా వినిపిస్తున్నాయి.