ఫ్రీక్వెన్సీల కేటాయింపు: గ్రీడీ పద్ధతికి 3 సరైనదా, 17/7 సరైనదా?

ప్రశ్న: సెల్యులార్ నెట్‌వర్క్‌లో రాబోయే కాల్స్ గురించి ఏమీ తెలియకుండా, వచ్చిన కాల్‌కు వచ్చినట్టే ఫ్రీక్వెన్సీ కేటాయించే ఆన్‌లైన్ అల్గారిథమ్‌ల మీద ప్రాజెక్టు చేస్తున్నాను. సెల్స్ షడ్భుజాలు; ఒకే సెల్‌లో గానీ, ఆనుకుని ఉన్న సెల్స్‌లో గానీ రెండు కాల్స్‌కు ఒకే ఫ్రీక్వెన్సీ ఇవ్వకూడదు. ఫ్రీక్వెన్సీలకు 1, 2, 3 అని సంఖ్యలు ఉంటాయి. వీలైన వాటిలో అతి చిన్న సంఖ్య ఉన్న ఫ్రీక్వెన్సీని ఇచ్చే గ్రీడీ పద్ధతికి కాంపిటిటివ్ నిష్పత్తి (కాల్స్ అన్నీ ముందే తెలిసిన ఆదర్శ పద్ధతి కన్నా, అతి చెడ్డ సందర్భంలో ఎన్ని రెట్లు వెనకబడుతుందో చెప్పేది) ఒకచోట 3 అనీ, మరోచోట 17/7 అనీ చదివాను. దేన్ని నమ్మాలి?

సమాధానం: రెండూ సరైనవేనండి, కాకపోతే అవి వేర్వేరు సమస్యలకు సంబంధించినవి. వచ్చిన ప్రతి కాల్‌నూ తప్పక అంగీకరిస్తూ, వాడిన ఫ్రీక్వెన్సీల్లో అతి పెద్ద సంఖ్యను వీలైనంత తగ్గించాలనుకుంటే నిష్పత్తి 17/7. ఫ్రీక్వెన్సీల సంఖ్య ముందే పరిమితమై, అంగీకరించిన కాల్స్ సంఖ్యను పెంచాలనుకుంటే 3. మీ ప్రాజెక్టు శీర్షికలో "పరిమిత" అన్న మాట ఉంటే మీకు కావలసింది రెండోదే.

ఆ 3 ఎలా వస్తుందో చూడండి. మొత్తం 10 ఫ్రీక్వెన్సీలు ఉన్నాయనుకుందాం. ముందుగా ఒక సెల్‌లో 10 కాల్స్ వస్తే గ్రీడీ అన్నిటినీ అంగీకరిస్తుంది. ఆ తరువాత దాని చుట్టూ ఉన్న ఆరు సెల్స్‌లో, ఒకదానికొకటి ఆనుకోని మూడింటిలో పదేసి కాల్స్ వస్తే, ఒక్కదానికీ ఫ్రీక్వెన్సీ మిగలదు. మొదటి పదింటినీ వదులుకుని ఉంటే 30 కాల్స్ దక్కేవి. ఇంతకన్నా నష్టం జరగదు; ఎందుకంటే ఒక సెల్, దాని పొరుగు సెల్స్ కలిపి చూసినా పరస్పరం ఆనుకోని సెల్స్ మూడుకు మించి దొరకవు.

అనుబంధ ప్రశ్న: ఆనుకుని ఉన్న సెల్స్‌కు ఒకే రంగు రాకుండా సెల్స్‌కు మూడు రంగులు వేసి, ఒక్కో రంగుకు మూడో వంతు ఫ్రీక్వెన్సీలు ముందే పంచేస్తే మేలు కదండీ?

సమాధానం: అన్ని సెల్స్‌లోనూ రద్దీ సమానంగా ఉంటే మేలే. కాల్స్ అన్నీ ఒకే సెల్‌లో వస్తే మాత్రం మూడింట రెండు వంతులు వృథాగా పడి ఉంటాయి, నిష్పత్తి మళ్ళీ 3 అవుతుంది. అందుకే కొన్నిటిని రంగుల వారీగా పంచి, మిగిలినవి ఉమ్మడిగా ఉంచే మిశ్రమ పద్ధతులు వచ్చాయి. మొదటి సమస్యలో, అంటే ప్రతి కాల్‌నూ అంగీకరించాల్సిన దానిలో, అలాంటి పద్ధతికి 2 నిష్పత్తి నిరూపించారు, యాదృచ్ఛికత వాడని ఏ పద్ధతికైనా అంతకన్నా తగ్గదనీ తేల్చారు. నా అభిప్రాయంలో మీ ప్రాజెక్టు ఈ మిశ్రమ పద్ధతి మీదే నిలబడాలి. పరీక్షించేటప్పుడు యాదృచ్ఛిక కాల్స్‌తో సరిపెట్టకండి, వాటిలో ఏ పద్ధతైనా బాగానే కనిపిస్తుంది. ముందు ఒక సెల్‌లో, తరువాత దాని చుట్టూ మూడు సెల్స్‌లో కాల్స్ వచ్చే, పైన చెప్పిన క్రమాన్ని కూడా తప్పక ఇచ్చి చూడండి.