కొత్తగా డ్రోన్ కొన్నాను, సంక్రాంతికి ఊళ్లో ఎగరేద్దామని – అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి

తణుకు_బుల్లోడు
అందరికీ నమస్కారమండి. మా బావగారి స్నేహితుడి దగ్గర సెకండ్ హ్యాండ్‌లో ఒక డ్రోన్ తీసుకున్నాను. మడతపెట్టే 249 గ్రాముల రకం, మూడు బ్యాటరీలతో కలిపి ఇరవై ఎనిమిది వేలు. ఆయన కొన్న కొత్తలో నాలుగుసార్లు ఎగరేసి, ఫుల్ ఛార్జింగ్ పెట్టి బీరువాలో పడేశాడట, రెండేళ్లయింది. పండగకి ఊళ్లో పైనుంచి ముగ్గులు, కాలవ గట్టు తీయాలని కోరిక. లైసెన్స్ ఏమైనా కావాలా? మొదట ఎలా నేర్చుకోవాలి? రెక్కలకి గార్డులు కొనమంటారా? ఇంకొకటి, మూడింట్లో ఒక బ్యాటరీ టిక్కుమని కూర్చోవడం లేదు, బొటనవేలితో గట్టిగా నొక్కితే పడుతోంది. వాడుకోవచ్చు కదా?

లెన్స్_బాబాయ్
తమ్ముడూ, అన్నిటికన్నా ముందు గార్డులు కొను. మిగతావి తర్వాత. మొన్న మాఘమాసంలో ఒక పెళ్లిలో తలంబ్రాల షాట్ కోసం పందిరి కింద నడుం ఎత్తులో పోనిచ్చాను. పందిట్లో పెడస్టల్ ఫ్యాన్ ఉందని చూసుకోలేదు. గాలికి పక్కకి జరిగింది, పెళ్లికొడుకు మేనమామ చెయ్యి అడ్డం పెట్టాడు. ఆరు కుట్లు. ఆల్బమ్ డబ్బులు రాలేదు సరికదా, ఆసుపత్రి బిల్లు నేనే కట్టాను. అప్పట్నుంచీ గార్డులు లేకుండా పెట్టె తెరవను.

రేకుల_షెడ్డు
గార్డులు పెట్టగానే అది 249 గ్రాముల డ్రోన్ కాదు. ఈ ముక్క ఎవరూ చెప్పరు. 2021 డ్రోన్ రూల్స్‌లో బరువు అంటే డ్రోన్ మీద ఉన్న సరంజామా అంతా కలిపి. 250 గ్రాముల దాకా నానో, అది దాటితే రెండు కిలోల దాకా మైక్రో. నానోకి పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు, థర్డ్ పార్టీ బీమా కూడా అక్కర్లేదు. మైక్రో అయితే సరదాకి ఎగరేసేవాడికి సర్టిఫికెట్ మినహాయింపు ఉంది కానీ డబ్బు తీసుకుని ఎగరేసేవాడికి లేదు. బాబాయ్ గారూ, పెళ్లిళ్లకి గార్డులు పెట్టి ఎగరేస్తున్నారంటే మీ దగ్గర సర్టిఫికెట్ ఉండే ఉంటుంది?

లెన్స్_బాబాయ్
నేను ఎనిమిదేళ్లుగా ఎగరేస్తున్నాను. ఎవడూ అడగలేదు.

రేకుల_షెడ్డు
ఎనిమిదేళ్లుగా హెల్మెట్ పెట్టుకోలేదు, ఎవడూ ఆపలేదు అన్నట్టుంది.

కరీంనగర్_చిన్న
ఇద్దరూ ఆగండన్నా, పాపం ఆయన అడిగింది వేరే. మాది కరీంనగర్ దగ్గర పల్లె, ఉండేది అల్వాల్‌లో. నేను కొన్న రోజే డాబా ఎక్కి ఎగరేద్దామని డిజిటల్ స్కై మ్యాప్ తీశాను, ఎక్కడ ఎగరేయొచ్చో చూపించే సర్కారు మ్యాప్. హకీంపేట, బేగంపేట, దుండిగల్ విమానాశ్రయాలు... అనుమతి లేకుండా ఎగరేయొద్దనే ఎర్ర రంగు ఒకదాని మీద ఒకటి. ఇంట్లో డ్రోన్ ఉంది, నెత్తిమీద ఆకాశం ఉంది, ఎగరేయడానికి లేదు. ఆదివారం ఆదివారం బస్సెక్కి ఊరికి పోయి ఎగరేసి వస్తా. తణుకు అన్న అదృష్టవంతుడు, అక్కడంతా గ్రీన్ ఉంటుంది అనుకుంటా. ఒకసారి మ్యాప్ చూసుకో అన్నా. గ్రీన్ అయితే 400 అడుగుల దాకా ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఇంకో సంగతి, పండగ రోజుల్లో గాలిపటాల జోలికి పోకు. మాంజా కంటికి కనపడదు. రెక్కకి చుట్టుకుందంటే రాయి లెక్క పడుతుంది. పోయినేడు నాది అట్లనే పడ్డది, పక్కింటి వాటర్ ట్యాంకులో.

డాలస్_సుబ్బు
ఇండియాలో ఇన్ని తలనొప్పులా! ఇక్కడ ట్రస్ట్ అని ఒక చిన్న ఆన్‌లైన్ పరీక్ష, ఉచితం, తప్పు జవాబు పెట్టినా సరిదిద్ది పంపిస్తారు. 250 గ్రాములు దాటితే ఐదు డాలర్లు కట్టి రిజిస్టర్ చేసుకుంటే మూడేళ్లు చూసుకోనక్కర్లేదు. వచ్చే నెల నేను వస్తున్నాను, ఎవరికైనా కొత్త మోడల్ కావాలంటే చెప్పండి, సూట్‌కేసులో వేసుకొస్తాను.

కరీంనగర్_చిన్న
అన్నా నాకు ఒకటి!

రేకుల_షెడ్డు
సుబ్బు గారూ, ఆ పని మాత్రం చేయకండి. 2022 ఫిబ్రవరి 9 నుంచి విదేశీ డ్రోన్ల దిగుమతి నిషేధం. రక్షణ, భద్రత, పరిశోధన లాంటి వాటికే మినహాయింపు. మా తోడల్లుడు తెచ్చాడు, విమానాశ్రయంలో పట్టుకున్నారు. చేతికి ఒక రశీదు ఇచ్చి పంపించారు. ఆ రశీదు ఫ్రేము కట్టించుకుని హాల్లో పెట్టుకున్నాడు. పార్టులు విడిగా కొని కట్టుకోండి, ఆ సుఖమే వేరు. నేను సొంతంగా సోల్డరింగ్ చేసి పదకొండు క్వాడ్లు, అంటే నాలుగు రెక్కల డ్రోన్లు, కట్టాను. జీపీఎస్ ఉండదు, గాల్లో ఆగమంటే ఆగదు, ప్రతి క్షణం చేత్తోనే నడపాలి. ఈ మడతపెట్టే డ్రోన్లు ఎగరేయడం అంటే లిఫ్ట్‌లో బటన్ నొక్కడం. అది పైలటింగ్ కాదు.

లెన్స్_బాబాయ్
పదకొండు కట్టావు సరే, ఇప్పుడు ఎన్ని ఎగురుతున్నాయి?

రేకుల_షెడ్డు
మూడు. మిగతావి నేర్పాయి.

గోదారి_గాలి
లిఫ్ట్ బటన్ అన్నారు కాబట్టి చెప్తున్నాను. ఆ బటన్‌ని నమ్ముకునే నేను ములిగాను, నిజంగానే. పాపికొండలు వెళ్లాం, లాంచీ పైడెక్కు మీద నుంచి లేపాను. కొండల మధ్య గోదారి, వంపు తిరుగుతున్న లాంచీ, షాట్ అద్భుతంగా వస్తోంది. బ్యాటరీ ముప్పై శాతానికి దిగింది, దానంతట అదే ఇంటికి తిరిగొచ్చే ‘రిటర్న్ టు హోమ్’ బటన్ నొక్కి టీ తాగుతూ నిలబడ్డాను. డ్రోన్ బుద్ధిగా హోమ్‌కే వెళ్లింది. కాకపోతే దాని లెక్కలో హోమ్ అంటే నేను లేపిన చోటు. లాంచీ అక్కడ్నుంచి కిలోమీటరు పైన వచ్చేసింది. ఫోన్‌లో చూస్తున్నాను, కెమెరా కిందికి తిరిగి ఉంది, స్క్రీను నిండా నీళ్లు. నీళ్లు దగ్గరికి వస్తున్నాయి, ఇంకా దగ్గరికి వస్తున్నాయి, అలల మీద ఎండ మెరుస్తోంది. అంతే, స్క్రీను నల్లబడింది. సరంగుని లాంచీ వెనక్కి తిప్పమని అడిగితే నవ్వాడు. పక్కనున్న పెద్దావిడ ‘గోదారమ్మకి ఇచ్చావనుకో నాయనా’ అంది. ముప్పై ఐదు వేలు ఇచ్చాను అమ్మకి.

తణుకు తమ్ముడూ, కాలవ గట్టు మీద ఎగరేసేటప్పుడు ఆ రిటర్న్ ఎత్తు, అంటే తిరిగొచ్చేటప్పుడు ఎగిరే ఎత్తు, కూడా చూసుకో. లేచిన చోటినుంచి ఎంత ఎత్తో అదే దాని లెక్క. ఇరవై మీటర్లు పెట్టుకుని మన తాటిచెట్ల వరసలో వదిలావంటే తిన్నగా వచ్చి మట్టల్లో దూరుతుంది. నీళ్ల మీద మరీ కిందికి కూడా పోనివ్వకు, అడుగున ఉండే సెన్సర్లు నీటి మెరుపుకి తికమకపడతాయి.

కరీంనగర్_చిన్న
పాపికొండల వీడియో ఏమైనా మిగిలిందా అన్నా?

గోదారి_గాలి
మెమరీ కార్డు కూడా అమ్మ దగ్గరే ఉంది.

లెన్స్_బాబాయ్
అయినా 250 దాటుతుందని ఆ షెడ్డు ఆయన ఎలా చెప్తాడు? తూకం వేశాడా? నా గార్డులు ఈకల్లా ఉంటాయి.

రేకుల_షెడ్డు
249కి ఈక తగిలించినా 250 దాటుతుందండీ. లెక్కల మాస్టారు అక్కర్లేదు దీనికి. మీద అంటించిన స్టిక్కరు కూడా లెక్కే.

లెన్స్_బాబాయ్
అంటే మనిషి వేళ్లు తెగినా ఫర్వాలేదు, గ్రాము మాత్రం పెరగకూడదు. భేష్.

రేకుల_షెడ్డు
మనుషుల మధ్య ఎగరేయకండి అంటున్నాను. పందిట్లో ఫ్యాను పక్కన ఎగరేసి తప్పు రెక్కది అంటే ఎలా?

లెన్స్_బాబాయ్
నువ్వు పెళ్లిళ్లు తీసి బతికి చూడు, అప్పుడు మాట్లాడదాం. డ్రోన్ షాట్ లేకపోతే అడ్వాన్సే ఇవ్వరు ఈ రోజుల్లో.

కరీంనగర్_చిన్న
నాదొక డౌటు. గద్దలు వెంటపడుతున్నాయి, ఏం చేయాలి? మొన్న చెరువు మీద రెండు కలిసి చుట్టుముట్టాయి, చేతులు వణికాయి.

రేకుల_షెడ్డు
అవి పైనుంచి దిగి కొడతాయి. పక్కకి పారిపోతే వేట అనుకుంటాయి. తిన్నగా పైకి లేపు, తర్వాత ఆ చోటు వదిలి వచ్చెయ్. కొత్తాయన అడిగాడు కాబట్టి నేర్చుకోవడం గురించి కూడా ఒక మాట. కోత కోసిన చేను చూసుకోండి, పొద్దున్నే గాలి లేనప్పుడు వెళ్లండి. మొదటి రెండు బ్యాటరీలూ కెమెరా సంగతి మర్చిపోండి. డ్రోన్ ముక్కు మనవైపు తిప్పితే కుడి ఎడమలు తారుమారవుతాయి, కొత్తవాళ్లు గుద్దేది ఎక్కువగా అక్కడే. ముక్కు మీవైపు పెట్టుకుని కుడికి పది అడుగులు, ఎడమకి పది అడుగులు. వేలు ఆలోచించకుండా కదిలేదాకా అదే పని.

సైన్స్_టీచరమ్మ
నేను ఇక్కడ చదవడమే గానీ రాయను. ఇంత చర్చ జరిగింది, బుల్లోడు గారి ఆఖరి ప్రశ్న ఎవరూ చూడలేదా? బ్యాటరీ టిక్కుమని కూర్చోవడం లేదు అన్నారు. ఫుల్ ఛార్జింగ్‌తో రెండేళ్లు బీరువాలో ఉందన్నారు. అది ఉబ్బి ఉంటుందండీ. లిథియం బ్యాటరీలని పక్కన పెట్టేటప్పుడు సగం ఛార్జింగ్‌లో పెట్టాలి, నిండుగా ఉంచేస్తే లోపల గ్యాస్ పుడుతుంది. నొక్కి పెట్టి ఎగరేస్తే గాల్లో ఊడి వచ్చే ప్రమాదం ఉంది, అప్పుడు మీ గార్డులూ గ్రాములూ ఏం చేస్తాయి? దాన్ని ఛార్జింగ్ పెట్టకండి, గుచ్చకండి, మామూలు చెత్తలో వేయకండి. బల్ల మీద పెట్టి చూడండి, అటూ ఇటూ ఊగితే అదే గుర్తు. మా స్కూల్లో ఒక పిల్లవాడు ఉబ్బిన ఫోన్ బ్యాటరీని కాంపాస్ ముల్లుతో గుచ్చాడు. ఆ పొగ వాసన రెండు రోజులు పోలేదు.

గోదారి_గాలి
మేడమ్ చెప్పింది నిజమే. నేను అది అసలు చదవలేదు, సారీ తమ్ముడూ.

తణుకు_బుల్లోడు
టీచరు గారూ, చాలా థాంక్సండి. గాజు బల్ల మీద పెట్టి చూశాను. వేలు తగిలిస్తే పడవలా ఊగింది. మిగతా రెండూ కదల్లేదు. నిన్న రాత్రి ఆ మూడింటినీ మంచం మీద దిండు పక్కన ఛార్జింగ్ పెట్టి పడుకున్నానండి, ఇప్పుడు తలచుకుంటే టెన్షన్ వస్తోంది. అమ్మ పాత కుండలో ఇసుక పోసి ఇచ్చింది, అందులో పెట్టి డాబా మీద మూలకి చేర్చాం. వచ్చే వారం రాజమండ్రి వెళ్లే పనుంది, పాత బ్యాటరీలు తీసుకునేవాళ్లని అక్కడ కనుక్కుని ఇచ్చేస్తాను.

పొద్దున్న చేలో రెండు బ్యాటరీలతో ఎగరేశాను. ముక్కు మనవైపు తిప్పి పది అడుగులు అన్నారు చూడండి, మూడోసారికే కొబ్బరి మొక్కలో పడింది. ఒక రెక్క విరిగింది. పెట్టెలో ఇంకో జత ఉంది.

అన్నట్టు గార్డులు బావగారి దగ్గర పాతవి ఉంటే తెచ్చి, మా వీధిలో బంగారం కొట్టు కాటా మీద తూకం వేయించాను. ఉత్త డ్రోన్ 250 లోపే ఉంది. గార్డులు పెట్టాక 300 దాటింది.

రేకుల_షెడ్డు
చెప్పానా.

లెన్స్_బాబాయ్
ఆ కాటాకి ఈ ఏడాది సీలు వేశారో లేదో కనుక్కున్నావా తమ్ముడూ?