ఖాళీ ప్లాటులో మొలిచిన గంగవాయిలి కూర వండుకోవచ్చా?

బోడుప్పల్ కోడలు: వానలకు మా పక్క ఖాళీ ప్లాటులో గంగవాయిలి కూర గుబురుగా మొలిచింది. అత్తమ్మ కోసుకురమ్మంటున్నారు. నాకేమో టెన్షన్. ఎట్లా గుర్తుపట్టాలి?

అల్వాల్ అంకుల్: కాడ తుంచి చూడమ్మా. పాలు కారితే వదిలెయ్, అది వేరే మొక్క. గంగవాయిలికి నున్నటి ఎర్ర కాడలు, దళసరి ఆకులు, చిన్న పసుపు పూలు ఉంటాయి. మురుగు కాలువ పక్కదీ, మందు కొట్టినచోటిదీ ముట్టుకోవద్దు. ఆకే పుల్లగా ఉంటుంది కాబట్టి పెసరపప్పులో చింతపండు తగ్గించి, వెల్లుల్లి దంచి పోపు పెట్టు. జొన్నరొట్టెలోకే బాగుంటుంది, అన్నంలోకి నాకంతగా నచ్చదు.

మౌలాలి లత: కిడ్నీలో రాళ్లున్నవాళ్లకు వద్దు, రాళ్లు పెరిగేలా చేసే ఆక్సలేట్లు అనే పదార్థాలు ఇందులో ఎక్కువ.

బోడుప్పల్ కోడలు: తుంచాను అంకుల్, పాలు రాలేదు, పూలూ పసుపే. అత్తమ్మ అప్పుడే పప్పు నానబోశారు!