స్టీల్ సింక్‌లో గోధుమరంగు చుక్కలు, తుప్పేనా?

కిటికీపక్క:
వంటగదిలో స్టీల్ సింక్ మార్చి ఏడాది కూడా కాలేదు. అడుగున చిన్న చిన్న గోధుమరంగు చుక్కలు వస్తున్నాయి. ఇనుప పీచుతో రుద్దితే ఆ పూటకు పోతాయి, తర్వాత ఇంకాస్త ఎక్కువగా కనిపిస్తాయి. కుళాయి మొదట్లో తెల్లటి పొర గట్టిపడింది. పైగా పొద్దున్నే వంటగదిలోకి వెళితే సింక్‌లోంచి వాసన. నాసిరకం స్టీల్ అంటగట్టారేమోనని టెన్షన్‌గా ఉంది. బ్లీచ్ పోసి రాత్రంతా ఉంచమని తెలిసినవాళ్లు అంటున్నారు. పోయొచ్చా?

మేడమెట్లు:
బేకింగ్ సోడా చల్లి దానిమీద వెనిగర్ పోయండి. బుసబుసా పొంగి మురికంతా వదులుతుంది.

పైపులపని:
బ్లీచ్ మాత్రం పోయకండి. సింక్‌లు బిగించడం, పాతవి ఊడదీయడమే నా పని. నేను ఊడదీసే స్టీల్ సింక్‌లను ఎక్కువగా పాడుచేసింది వాటిలో పోసిన మందులే.

స్టెయిన్‌లెస్ స్టీల్‌లో కనీసం 10.5 శాతం క్రోమియం ఉంటుంది. సింక్‌లకు ఎక్కువగా వాడే 304 రకంలో అది 18 శాతం దాకా ఉంటుంది. ఆ క్రోమియం గాలి తగిలి, కంటికి కనపడని పొర కడుతుంది. గీత పడినా ఆ పొర మళ్లీ దానంతటదే కట్టుకుంటుంది. దాన్ని తెంచేది క్లోరైడ్. ఉప్పు, బ్లీచ్, బాత్రూమ్ యాసిడ్ మూడింటిలోనూ ఉండేది అదే. అలాంటిది రాత్రంతా నిలవుంటే సూదిమొనంత గుంట పడి లోపలికి తొలుచుకుపోతుంది.

మీ చుక్కలు బహుశా సింక్ తుప్పు కాదు. ఇనుప పీచు నలుసులు స్టీల్ మీద ఇరుక్కుని, అవే తుప్పు పడతాయి. అందుకే రుద్దేకొద్దీ పెరుగుతున్నాయి. చుక్క మీద గోరు పెట్టి లాగి చూడండి. నున్నగా జారితే పైపైన మరకే. బేకింగ్ సోడాను కొంచెం నీళ్లతో ముద్దలా కలిపి, మెత్తటి గుడ్డతో స్టీల్ మీది సన్నగీతలు ఏ వైపు ఉంటే ఆ వైపే రుద్దండి. అడ్డంగా రుద్దితే గీతలు పడి మెరుపు పోతుంది.

మేడమెట్లు గారూ, సోడా, వెనిగర్ కలిపితే ఒకదాని బలాన్ని ఇంకొకటి తినేస్తుంది. పొంగు చూడటానికి బాగుంటుంది గానీ చివరికి మిగిలేది దాదాపు నీళ్లే. వేర్వేరుగా వాడితేనే ఫలితం. జిడ్డుకు సోడా. కుళాయి దగ్గరి తెల్లపొర నీళ్లలోని సున్నం కాబట్టి దానికి వెనిగర్. గుడ్డ తడిపి పావుగంట చుట్టి ఉంచి, తర్వాత బాగా కడిగేయండి. బ్లీచ్ పోసిన చోట వెనిగర్ ఎప్పుడూ పోయకూడదు, క్లోరిన్ వాయువు వస్తుంది. ప్రాణానికే ప్రమాదం.

ఇక వాసన. సింక్ కింద బుడ్డిలాంటి ట్రాప్ ఉంటే బకెట్ పెట్టి చేత్తో తిప్పి ఊడదీయండి. లోపలి జిడ్డు కడిగి బిగించాక కుళాయి కాసేపు వదలండి. అందులో ఎప్పుడూ నీళ్లు నిలవుండాలి, మురుగు గాలిని పైకి రాకుండా ఆపేది ఆ నీళ్లే.

వానచినుకు:
మాకు ట్రాప్ కడిగినా వాసన పోలేదు. సింక్ గోడకు పైన ఉండే ఓవర్‌ఫ్లో రంధ్రంలో పాచి పట్టి ఉంది. పాత టూత్ బ్రష్, సబ్బునీళ్లతో తోమాక పోయింది. అదీ చూడండి.

కిటికీపక్క:
చాలా థాంక్స్ అండీ. గోరు పెట్టి చూశాను, చుక్కలన్నీ నున్నగానే ఉన్నాయి. జాలీ పక్కన ఒక్కచోట మాత్రం గోరు తట్టుకుంటోంది. అయస్కాంతం కూడా కాస్త అంటుకుంటోంది, నాసిరకమేనా?

పైపులపని:
అయస్కాంతాన్ని బట్టి తేల్చలేం. 304 రేకును కూడా సింక్‌లా వంచి నొక్కినప్పుడు మూలల్లో కొద్దిగా అంటుకుంటుంది. గోరు తట్టుకున్నది గుంటే, అది పూడదు. పొడిగా ఉంచితే లోతెక్కడం బాగా తగ్గుతుంది. రాత్రి గిన్నెలు అయ్యాక సింక్ కడిగి పొడిగుడ్డతో తుడవండి. అడుగున రబ్బరు చాప ఉంటే తీసి నిలబెట్టండి, దానికింద చెమ్మ ఆరదు. ఇనుప పెనం తడిగా సింక్‌లో వదలొద్దు.